సామి తలకాడి రాయి

పక్కవాడి ఇల్లు చూసి సీతాపతికి ఏనాడూ కన్ను కుట్టలేదు. పక్కవాడి జీతమూ, పక్కవాడి పెండ్లాం నగలూ ఆయనకు పట్టవు. ప్రొద్దుటూరులో అంత నెమ్మదస్తుడు లేడని వాళ్ళ వీధంతా అనేది. ఆ నెమ్మదస్తుడు ఐదేళ్ళపాటు ఒక మనిషిని చూసి లోపల్లోపల ఉడికిపోయాడంటే నమ్ముతారా? ఆ మనిషి వ్యాను డ్రైవరు ఆనందయ్య. ఉడుకంతా అతని నిద్ర మీద.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో, పల్లెల్లో తెర కట్టి ఎరువుల గురించీ మశూచి టీకాల గురించీ బొమ్మలు చూపించే సర్కారు వ్యాను ఒకటుండేది. అందులో బొమ్మల మిషను ఆడించేది సీతాపతి. నెలలో ఇరవై రోజులు ఊళ్ళమీదే. పల్లెల్లో బస ఎక్కడ దొరుకుతుంది, పడక వ్యానులోనే. రీళ్ళ పెట్టెల మీద పొడుగాటి చెక్క, దానిమీద భార్య వేదవతి కుట్టిచ్చిన బూరుగుదూది పరుపు ఆయనవి. కింద గోనెపట్టా మీద బొంత ఆనందయ్యది. తలా తలా ఒకవైపు ఉండకూడదని సీతాపతే నియమం పెట్టాడు. తన తల వెనక తలుపు వైపు, డ్రైవరు తల ఇంజను వైపు.

ఆనందయ్యది జమ్మలమడుగు. మోకాళ్ళ మీద ప్రార్థన చేసుకుని, ఆమెన్ అని ఒరిగితే మూడో శ్వాసకు గురక. సీతాపతి పైన పరుపు మీద అటు దొర్లి ఇటు దొర్లి, ఎప్పటికో ఒక కునుకు తీసేవాడు. ఆ కునుకు ఆయన లెక్కలో నిద్రే కాదు. తెల్లారి ఆనందయ్య వేపపుల్ల నములుతూ, "బాగ పట్టిందా సామీ నిద్ర?" అంటే ఒళ్ళు మండిపోయేది. ఎగతాళి చేస్తున్నాడనుకునేవాడు.

కింద చల్లగా ఉంటుంది కాబోలు, అందుకే వీడికి పడుతోంది అనుకుని ఒకరోజు, "నువ్వు పైన పండుకో, నేను కింద పండుకుంటా" అన్నాడు.

"నాకు యాడైనా ఒకటే సామీ" అని ఆనందయ్య తన బొంతతోనే పరుపెక్కి మూడో శ్వాసకు గురకపెట్టాడు.

అయితే మహిమంతా బొంతలో ఉందనుకున్నాడు సీతాపతి. అది ఆనందయ్య భార్య సుశీలమ్మ పాత కోకలతో కుట్టింది. మైలా గియిలా పక్కనబెట్టి, మర్నాడు మళ్ళీ పైకి మారి, దాన్నీ అడిగి తీసుకున్నాడు. ఆనందయ్య వట్టి గోనెపట్టా మీద నిద్రపోయాడు. ఏం మనిషయ్యా, ఒళ్ళా అది, మొద్దా! ఇంటికి పోయినప్పుడు సీతాపతి ఆ కోపం వేదవతి మీద తీర్చుకున్నాడు, పరుపు కుట్టడం చేతకాదని. పాపం, ఆమెకేం తెలుసు.

ఇదిగాక ఆనందయ్యకొక చాదస్తం. ఏ ఊళ్ళో ఆపినా మూడు నల్ల నాపరాళ్ళు దించి, చక్రాల కింద పెట్టి, బండిని ముందుకూ వెనక్కూ జరిపేవాడు. లోపల చెక్కమీద చెంబుతో నీళ్ళు పెట్టి చూసి మళ్ళీ జరిపేవాడు. తెర ముందు జనం కూర్చుని గోల పెడుతుంటే ఇదేం తద్దినమని సీతాపతి విసుక్కునేవాడు.

ఒకసారి మైదుకూరులో ఆట ముగించుకుని వస్తుంటే దారిలో బండి చెడిపోయింది. ఆనందయ్య తెల్లవార్లూ కూర్చుని బాగుచేసి, పొద్దునకు సింహాద్రిపురం చేర్చాడు. మధ్యాహ్నం స్టీరింగు మీద తలపెట్టి నిద్రపోతుంటే పైఅధికారి జీపు వచ్చి ఆగింది.

"ఏమయ్యా, వీడు డ్యూటీలో ఇట్లానే పడుకుంటాడా?"

రాత్రంతా మేలుకున్నాడండీ అని ఒక్క మాట అంటే సరిపోయేది. సీతాపతి కళ్ళు నిద్రలేక మండుతున్నాయి. పక్కన ఆ గురక హాయిగా సాగుతోంది. "అలవాటేనండి" అన్నాడు.

వారంలో ఆనందయ్యను వ్యాను నుంచి తీసేసి జమ్మలమడుగులో రోడ్డు పనుల లారీకి వేశారు. పనివేళ నిద్రపోతాడని రికార్డులో రాశారు. పోయేరోజు ఆనందయ్య బొంత చుట్టుకుని, రాళ్ళు చూపించి, "ఇవి జాగర్త సామీ" అన్నాడంతే.

కొత్త డ్రైవరు కమాల్ బాషా ఎక్కడ పడితే అక్కడ బండి ఆపేవాడు. దండగ బరువెందుకని సీతాపతి ఆ రాళ్ళను చాపాడులో టీ అంగడి ఖమర్‌బీకి ఇచ్చేశాడు, గిన్నెలు పెట్టుకుని తోముకోవడానికి. ఇక గురక లేదు, హాయిగా నిద్రపోవచ్చు అనుకున్నాడు. ఉన్న కునుకు కూడా పోయింది. ఒక ఊళ్ళో గోడవైపు దొర్లుతాడు, ఒక ఊళ్ళో కిందికి జారతాడు, ఇంకో ఊళ్ళో నెత్తురంతా తలకెక్కుతుంది. నెల తిరిగేసరికి రీలు తలకిందులుగా ఎక్కించి పల్లెజనం చేత నవ్వించుకున్నాడు.

ఒక సాయంత్రం నీళ్ళు తాగబోతూ చెక్కమీది చెంబులోకి చూశాడు. నీళ్ళు ఒకవైపు అంచుదాకా ఉన్నాయి, ఇంకోవైపు వేలెడు కిందికున్నాయి. ఆనందయ్య రాళ్ళు పెట్టి సరిచేసింది ఈ వాలునేనని అప్పుడు తట్టింది ఆయనకు.

మర్నాడే చాపాడు పోయాడు. రాళ్ళు తిరిగి ఇస్తూ ఖమర్‌బీ, "ఒకదాని మీద ఏందో రాసుంది సామీ, ఎంత తోమినా పోలా" అంది. అన్నిటికంటే మందమైన రాయి మీద మేకుతో గీకిన అక్షరాలు: సామి తలకాడ. సీతాపతి తలవైపు ఎత్తయితే, ఎదురు వైపు పడుకున్నవాడి తల పల్లంలో ఉన్నట్టే కదా. ఐదేళ్ళూ అలాగే పడుకున్నాడు ఆనందయ్య.

ఆ వారమే సీతాపతి జరిగింది జరిగినట్టు పైఅధికారికి రాసి పంపి, నకలు జేబులో పెట్టుకుని జమ్మలమడుగు బస్సెక్కాడు. లారీ నీడలో, కంకర మీద బొంత పరుచుకుని ఆనందయ్య నిద్రపోతున్నాడు. సిగ్గులేని మనసు, అప్పుడు కూడా చూసి కుళ్ళుకుంది. లేచేదాకా ఆయన పక్కనే కూర్చున్నాడు.

కళ్ళు తెరవగానే ఆనందయ్య అడిగాడు. "ఏం సామీ, నిద్ర పడతాందా?"

"లేదప్పా" అని సీతాపతి కాగితం చేతికిచ్చాడు. "ఆపొద్దు నేను చెప్పింది అబద్ధం. పైకి రాసి పంపినా. నువ్వు మళ్ళీ వ్యానుకొచ్చేయ్."

ఆనందయ్య నిదానంగా చదివి మడిచాడు. "ఆ మాట కొట్టేపిస్తే చాలు సామీ. వ్యాను నాకొద్దు. ఈడైతే దినామూ ఇంటికి పోతాండా."

"మందం రాయి నా తలకాడ ఎందుకు పెట్టినావప్పా?"

"మీకు నిద్ర లేకుంటే మర్నాడంతా నన్నే కదా కొరుక్కుతినేది."

ఆనందయ్య లేచి బొంత దులిపి, ఒకవైపు కంకర ఎత్తుగా తోసి మళ్ళీ పరిచాడు. "పండుకోండి సామీ. నాలుగింటి బస్సుకు లేపుతాలే."

సీతాపతి తల ఎత్తున పెట్టి ఒరిగాడు.

నాలుగింటి ప్రొద్దుటూరు బస్సు వచ్చి, హారను కొట్టి, వెళ్ళిపోయింది. ఆనందయ్య లేపలేదు.