బాపు ఎడమకాలు

సూరత్‌లో టూడీ యానిమేషన్ నేర్చుకుంటున్న మొదటి ఏడాది. నడిచే మనిషిని గీసి కదిలించమన్నారు సర్. నేను మా నాన్నను గీశాను. మేం బాపు అంటాం. మగ్గాల కార్ఖానాలో పని. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమకాలు ఈడ్చి నడుస్తాడు. ఆ ఈడ్పు పట్టుకోవడానికి మేముండే గోడాదరా సందుల్లో ఆయన వెనకాలే తిరిగాను.

క్లాసులో సర్ దాన్ని పెద్ద తెరమీద పెట్టి, "రెండు కాళ్లూ ఒకేలా పడాలి" అని హిందీలో అంటూ, నేను చెప్పేది వినకుండానే కుడికాలి బొమ్మల్ని ఎడమకాలికి అతికించి సేవ్ చేసేశారు. బాపు చకచకా నడిచాడు. అందరూ చప్పట్లు కొట్టారు!

నాకు ఒళ్లు మండిపోయింది. హిందీ మరిచిపోయి, "ఏంది సార్ గిది? గాయన మా బాపు! గట్లనే నడుస్తడు!" అని మన తెలుగులోనే అరిచాను. ఎవరికీ అర్థం కాలేదు. క్లాసంతా ఒకటే నవ్వు.

ఇంటికొచ్చి సర్ దిద్దిన బొమ్మను ఫోన్‌లో బాపుకు చూపించాను. కళ్లు చికిలించి చూసి, "మంచిగ నడుస్తున్నడు. గీయన ఎవరు బిడ్డా?" అన్నాడు.

అక్కడికక్కడే దాన్ని చెరిపేశాను. మళ్లీ మొదలుపెట్టినప్పుడు ముందు ఎడమకాలే గీశాను. సర్ మీద కోపం ఇంకా తగ్గలేదు. తగ్గాలని నాకూ లేదు.