సంఘంవారి యాపిల్ పండ్లు

సౌదీలోని ఉనైజాలో మా కఫీల్, అంటే నన్ను పనికి తెచ్చుకున్న అరబ్బు యజమాని, తోటలో పనిచేస్తాను. తోటలో ఓ మూల నేను పెంచే గోంగూరను వారంవారం రైతుబజారులో అమ్ముకోనిస్తాడాయన. కిందటేడు మనవాళ్ల సంఘమొకటి, వలస వచ్చిన చిన్న వ్యాపారులకు సాయమంటూ నాకొక బల్ల ఇచ్చింది. బల్లకంటే వెడల్పైన బ్యానరు కూడా తెచ్చింది. దాని నిండా సంఘం అధ్యక్షుడి ముఖమే.

ఫోటో దిగడానికి వచ్చిన అధ్యక్షుడు నా గోంగూరను చూసి ముఖం చిట్లించాడు.

"గీ ఆకు ఫోటోల ఏం మంచిగ కనిపిస్తది? తీసి కింద పెట్టు."

సూపర్‌మార్కెట్లో కొన్న యాపిల్ పండ్లు స్టిక్కర్లతో సహా బల్లెక్కాయి. ఆ బజారులో సొంత తోటలో పండినవే అమ్మాలి. సరిగ్గా అప్పుడే ఇన్‌స్పెక్టర్ వచ్చి ఓ పండు తిప్పి చూశాడు.

"ఇది నీ తోటలో కాసిందా? నీ పర్మిట్ రద్దు చేస్తాను" అన్నాడు అరబ్బీలో.

"సార్, మీరన్న జెర చెప్పుండ్రి" అని అధ్యక్షుణ్ణి బతిమాలాను.

ఆయన వచ్చీరాని అరబ్బీలో, "ఈ మనిషెవరో నాకు తెలియదు" అన్నాడు.

ఇన్‌స్పెక్టర్ బ్యానరు మీది ముఖాన్నీ, ఎదుటి ముఖాన్నీ మార్చి మార్చి చూశాడు. నేను బల్ల కిందినుంచి గోంగూర కట్ట లాగి, దాని వేర్లకంటిన తడిమట్టి చూపించాను.

"ఇది పైన పెట్టు, అవి తీసెయ్" అని ఇన్‌స్పెక్టర్ వెళ్లిపోయాడు.

అధ్యక్షుడు యాపిల్ పండ్లు ఒక్కటీ వదలకుండా ఏరుకుపోయాడు. బ్యానరు మాత్రం మరిచాడు. ఎండ ముదిరితే ఇప్పుడు దాన్నే గోంగూర మీద కప్పుతున్నాను. ఆ ముఖం ఒకరికి పనికిరావడం బహుశా అదే మొదలు.