ఎంతకు పడ్డది?

మొన్న ఆదివారం పొద్దున మా అమ్మాయి సంతోష్‌నగర్‌లోని మా ఫ్లాటుకు వచ్చి, ఒక చేత్తో ఇడ్లీ తింటూ రెండో చేత్తో ఫోను మీద ఏదో నొక్కి, వచ్చే నెల తానూ అల్లుడూ వెళ్ళబోయే ఊళ్ళో ఒక పెద్ద హోటల్లో గది తీసేసుకున్నానని చెప్పింది. ఇడ్లీ ఇంకా సగం ప్లేటులోనే ఉంది, గది మాత్రం వచ్చేసింది. ఎంతకు పడ్డదని అడిగాను. సరిగ్గా చూడలేదు డాడీ, ఏదో ఆఫర్ ఉన్నట్టుంది అంటూ చట్నీ గిన్నె దగ్గరకు లాక్కుంది. అంతలో వంటింట్లోంచి మా ఆవిడ గొంతు వినిపించింది: "చూసినా చెప్పకు బిడ్డా! మీ డాడీకి చెప్తే బస్తీకంత చెప్తడు."

అమ్మాయి నవ్వింది. నేనూ నవ్వాను, కాకపోతే కాస్త ఆలస్యంగా. ఆ ఎత్తిపొడుపుకు దాదాపు ఇరవై ఏళ్ళ వయసుంది. దాని వెనక ఒక హోటల్ గది, ఒక పాలక్యాను, లోపలి నుంచి గడియపెట్టిన ఒక తలుపు ఉన్నాయి.

అప్పట్లో మేము గౌలిపురలో ఉండేవాళ్ళం. మాది పాలవాళ్ళ ఇల్లు. మా నాన్న పోయాక బర్రెలను మా అన్న చూసుకునేవాడు, నేను నాలుగక్షరాలు నేర్చుకుని సర్కారు ఆఫీసులో గుమాస్తాగా చేరాను. మా గల్లీలో ఒక వాడుక ఉండేది, నా ఈడు వాళ్ళలో చాలామందికి మీ మీ గల్లీల్లోనూ ఉండే ఉంటుంది. ఎవరి ఇంటికి ఏ కొత్త వస్తువు వచ్చినా, అది ప్రెషర్ కుక్కరైనా పెళ్ళి చీరైనా, చూసినవాళ్ళు మొదట అడిగే మాట "ఎంతకు పడ్డది?" అనే. బాగుందా లేదా అన్నది ఆ తర్వాతి సంగతి. ధర చెప్పకపోతే మనిషి మారిపోయాడని అర్థం. చెప్పగానే అయ్యో మునిగినవ్ పో అనో, మస్తు కొట్టినవ్ పో అనో తీర్పు వచ్చేసేది. బేరం గెలిచావనే ఆ రెండో తీర్పు వినడానికే నేను సగం వస్తువులు కొన్నానేమోనని ఇప్పుడు అనిపిస్తూ ఉంటుంది.

బేరం నాకు మా అమ్మ నేర్పిన విద్య. మదీనా దగ్గర బట్టల దుకాణాల్లో ఆమె వాడు చెప్పినదాంట్లో సగం కంటే తక్కువ అడిగి, వాడు కళ్ళు తేలేయగానే చెప్పుల్లో కాళ్ళు పెట్టి, వెనక్కి చూడకుండా నడక సాగించేది. వెనక్కి చూస్తే పని చెడుతుందని ఆమె నమ్మకం. సరిగ్గా గాజుల దుకాణం మలుపు దాకా వచ్చేసరికి వెనక నుంచి "అమ్మా, ఓ అమ్మా, రా, తీస్కపో" అని కేక వినిపించేది. ఆ కేక నాకు చిన్నప్పటి నుంచి గుడిగంటంత ఇష్టం.

ఇక మా ఇంటి సంగతి. రెండు గదులు, ఒక వంటగది, వాకిలి అవతల బర్రెల కొట్టం, దాని పక్కన రేకు తలుపున్న స్నానాల గది. అన్న కుటుంబం, మా కుటుంబం, అమ్మ, అందరికీ అదొక్కటే. లోపలికి ఎవరు వెళ్ళినా రెండు చెంబులు పోసుకునేలోపే ఎవరో ఒకరు రేకు మీద కొట్టి "అయ్యిందా?" అని అడగాల్సిందే. అందరికంటే ఎక్కువగా కొట్టేది మా అమ్మ. మా ఆవిడ దబీర్‌పురా స్టేషను పక్కన రైళ్ళ చప్పుడులో పెరిగిన మనిషి, అయినా మా ఇంటి లొల్లి ఆమెకు ఎక్కువే అయ్యిందంటే మీరే ఊహించుకోండి. ఆమె మాత్రం ఎప్పుడూ ఏమీ అనలేదు. ఒక ఏడు మా పెళ్ళిరోజు దగ్గర పడుతుంటే, చీర కావాలంటుందనుకుని ఏం తెమ్మంటావని అడిగాను. బియ్యంలో రాళ్ళేరుతూ, "ఒక్క దినం ఎవ్వరు తలుపు కొట్టని కాడ ఉండాలని ఉన్నది" అంది.

ఆ మాట నేను విన్నాను. కానీ నా చెవికి ఎక్కింది ఒక్క సగమే. ఎక్కడికైనా తీసుకుపోవాలి అన్నంతవరకే.

ఆ రోజుల్లో ఆఫీసు నుంచి వస్తూ ఇంటర్నెట్ సెంటర్లో కాసేపు కూర్చునే అలవాటయింది నాకు. సెంటరు నడిపే భాయ్ అంతకుముందు ఎస్టీడీ బూత్ నడిపినవాడు, నా వయసువాడే. పెద్ద హోటళ్ళలో మిగిలిపోయిన గదులను వేలంపాటకు పెట్టే సైటు ఒకటి ఉందని ఆయనే చూపించాడు. ఊరు, తారీఖు, ఎన్ని నక్షత్రాల హోటలో మనం చెప్పాలి, ఎంత ఇస్తామో కూడా మనమే చెప్పాలి. ఒప్పుకుంటే డబ్బు అప్పటికప్పుడే కార్డులోంచి పోతుంది, ఏ హోటలో పేరు ఆ తర్వాతే తెలుస్తుంది, ఇక వద్దనడానికి లేదు. నాకు ఒళ్ళు పులకరించింది. బ్యాంకువాళ్ళు ఆఫీసుకు వచ్చి మరీ అంటగట్టిన క్రెడిట్ కార్డు ప్లాస్టిక్ కవరైనా విప్పకుండా బీరువాలో పడి ఉంది. బేరమాడటం నా రక్తంలో ఉంది. ఇంకేం కావాలి?

మూసీ అవతలి పెద్ద హోటళ్ళను బస్సు కిటికీలోంచి చూడటమే తప్ప లోపలికి పోయి ఎరగను. అలాంటిదానికి మదీనా లెక్కన సగం కంటే తక్కువ అడిగి మీట నొక్కాను. కుదరదని వచ్చింది. వెంటనే కుర్చీలోంచి లేచి, చెప్పులేసుకుని, వెనక్కి చూడకుండా బయటికి నడిచి, పాన్ డబ్బా దగ్గర నిలబడ్డాను. కాసేపటికి లోపలికి తొంగిచూసి, ఏమైనా వచ్చిందా అని అడిగాను. భాయ్‌కి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కౌంటర్ మీద చెయ్యి కొట్టుకుంటూ నవ్వాడు. "అరె సాబ్, గిదేమన్న మదీనా దుకాణమా? ఎనుక నుంచి పిల్వనీకె ఆడ మనిషే లేడు!" అని, కూర్చోబెట్టి చాయ్ తాగించాడు.

పిలిచేవాడు లేని బేరం ఎలా ఆడాలో నేర్చుకోవడానికి నాకు చాలా సాయంత్రాలు పట్టింది. ఒకసారి కాదన్నాక అదే గదికి మళ్ళీ అడగాలంటే కొన్నాళ్ళు ఆగాలి, లేదంటే తారీఖో పేటో మార్చి అడగాలి. అదే సైటులో ఒక మూల జనం తాము ఏ ఊళ్ళో ఎంతకు కొట్టామో రాసుకునేవారు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు తమ తమ ధరలు చెప్పుకుని మురిసిపోతుంటే అచ్చం మా గల్లీలో కూర్చున్నట్టే ఉండేది. వాళ్ళ రాతల్లోనే తెలిసింది, కంపెనీల పనుల మీద వచ్చేవాళ్ళు శుక్రవారానికల్లా ఇళ్ళకు పోతారట, శని ఆదివారాల్లో ఆ పెద్ద హోటళ్ళు బోసిపోతాయట. మా పెళ్ళిరోజు ఆ ఏడు శనివారం నాడే పడింది. అడిగిన ధరను కొద్దిగా పెంచి, ఆ శనివారం రాత్రికని నొక్కాను. తెర మీద ఇసుక గడియారం తిరిగి తిరిగి ఆగింది. ఒప్పుకున్నారు. హోటల్ పేరు చూసి భాయ్ "యా అల్లా!" అన్నాడు. ఎంతకు పడ్డదో ఇక్కడ కూడా రాయను, ఎందుకో ముందుముందు మీకే తెలుస్తుంది.

ఆ రాత్రే మా ఆవిడకు మెల్లగా చెప్పాను. ఆమె ముఖం అలా వెలగడం నేను చాలా ఏళ్ళుగా చూడలేదు. అమ్మాయిని ఆ ఒక్క పూట దబీర్‌పురాలో తన తల్లి దగ్గర దింపుదామంది. తర్వాత నా చెయ్యి పట్టుకుని, "ఎవ్వరికి చెప్పకుండ్రి. ఊర్కె మనిద్దరమే పోయొద్దాం" అంది. సరేనన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

మర్నాడు సెంటర్లో ప్రింటు తీసుకుని జేబులో పెట్టుకుని గల్లీలోకి వచ్చేసరికి ఎదురింటి అత్త అరుగు మీద కూర్చుని ఉంది. "ఏందిరా, గట్ల నవ్వుకుంట వస్తున్నవ్? ఏం కొన్నవ్?" అంది. అంతే. మొదట ధర చెప్పాను. ఆమె నమ్మలేదు, కాగితం చూపించాను. ఆమెకు చదువు రాదు కనుక అటుగా వచ్చిన మా అన్నతో చదివించింది. అన్న నా భుజం చరిచి "మస్తు కొట్టినవ్ తమ్మీ!" అన్నాడు. ఆ చరుపుకు నా బుద్ధి ఎటు పోయిందో, శనివారం సాయంత్రం అందరూ ఒకసారి వచ్చి చూసిపొండని నా నోటితోనే పిలిచాను. ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు. ఈ సంగతి మా ఆవిడకు చెప్పే ధైర్యం లేక, వాళ్ళు నిజంగా అంతదూరం వస్తారా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

శనివారం మధ్యాహ్నం గదిలోకి అడుగుపెట్టాక మా ఆవిడ ఏ వస్తువునూ ముట్టుకోలేదు. కిటికీ దగ్గర చాలాసేపు నిలబడి, ఎంత నిమ్మలంగ ఉన్నదో అని తనలో తాను అనుకుంది. తర్వాత స్నానాల గది తలుపు తీసి, తెల్లటి తొట్టిని, గోడంత అద్దాన్ని, చివరికి తలుపుకున్న ఇత్తడి గడియను చూసింది. ఆ గడియను రెండుసార్లు వేసి తీసి చూసింది. ఇక తువ్వాలు అందుకోబోతుండగా ఫోను మోగింది. కింద కౌంటర్ దగ్గరి మనిషి ఎంతో మర్యాదగా, మీ కోసం కొందరు బంధువులు వచ్చారు సార్, వాళ్ళ దగ్గర ఒక పాలక్యాను కూడా ఉంది, పైకి పంపమంటారా అని అడిగాడు.

వచ్చారు. అమ్మ, అన్న, వదిన, వాళ్ళ పిల్లలు, ఎదురింటి అత్త. వదిన చేతిలో పులిహోర డబ్బా, అన్న చేతిలో పాలక్యాను. "హోటలోళ్ళ పాలెట్లుంటయో ఏందో, చాయ్‌కని మన పాలే తెచ్చిన" అన్నాడు అన్న. పిల్లలు పరుపు మీద ఎగిరారు, అన్న పడుకుని చూసి లేవనన్నాడు, అత్త పరదాల బట్టను వేళ్ళతో నలిపి మీటరు ధర అంచనా కట్టింది. నేనేమో గది నడుమ నిలబడి ఎలా అడిగాను, ఎలా కాదన్నారు, ఎలా దారికి తెచ్చాను అన్న కథను మొదటినుంచీ చెప్పాను. అత్త కోసం మరోసారి చెప్పాను. కథ నడుమ మా ఆవిడ వైపు చూశాను. ఆమె నన్ను ఒక్కసారి చూసింది, కోపంగా కూడా కాదు. తువ్వాలు తీసుకుని లోపలికి పోయింది. ఇత్తడి గడియ పడిన చప్పుడు నాకు వినిపించింది.

నీళ్ళు పడుతున్న చప్పుడు మొదలైంది. పులిహోర అయింది, చాయ్ అయింది, నీళ్ళ చప్పుడు ఆగి మళ్ళీ మొదలైంది. అమ్మ అలవాటుకొద్దీ లేచి వెళ్ళి తలుపు మీద కొట్టి "అయ్యిందానే?" అంది. మరోసారి కొట్టడానికి ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. అమ్మ ఆ తలుపును, ఆ తర్వాత నన్ను చూసి, "మమ్ముల రమ్మన్నట్టు దానికి చెప్పినవా?" అని అడిగింది. నేను తల దించుకున్నాను. అమ్మ చప్పున కొంగు దులుపుకుంది. "లెవ్వుండ్రి, అందరు లెవ్వుండ్రి. బర్రెలు పాలకొచ్చే యాళ్ళయింది." అన్న ఇంకా పరుపు మీదే ఉంటే, "గా మంచం మనింటికి రాదు గని లెవ్వురా" అని కసిరింది. గది గుమ్మం దగ్గర నాకు మాత్రమే వినపడేటట్టు, "ఇన్నేండ్లల్ల దాన్ని ఒక్కనాడన్న నిమ్మలంగ తానం చెయ్యనిచ్చిన్నారా నేను" అంది. ఆమె తప్పును ఆమె అంత తేలిగ్గా ఒప్పుకుంటుంటే, నాది నేనింకా ఒప్పుకోనే లేదు.

అందరూ వెళ్ళాక పరుపు మీది పులిహోర మెతుకులు ఏరి, దుప్పటి సర్ది, తలుపు మీద మెల్లగా కొట్టాను. "ఎవరున్నరు?" అంది లోపలి నుంచి. ఎవరూ లేరు, నేనొక్కణ్ణే, తప్పయిపోయిందన్నాను. తర్వాత నీళ్ళు కదిలిన చప్పుడు, దాని వెంట ఆమె గొంతు, అందులో నవ్వు: "అయితే ఇంకింత సేపు ఆగుండ్రి." ఆగాను. నా జన్మలో అంత ఇష్టంగా ఎప్పుడూ ఆగలేదు. బయటికి వచ్చాక వేళ్ళు ముడతలు పడ్డాయని చూపించి, మిగిలిన పాలతో మంచి చాయ్ కలిపిచ్చింది.

ఇప్పుడు ఆ వేలంపాటలూ లేవు, ఆ సైటూ లేదు. ఫోను ఒక్కొక్కరికి ఒక్కో ధర చూపిస్తుందట, ఎవరికి ఎంత చూపించిందో రెండోవాడికి తెలియదు. అమ్మ లేదు. బర్రెలను అమ్మేసి అన్న కొడుకుల దగ్గరకు పోయాడు. గల్లీలో అరుగులు పోయి గేట్లు వచ్చాయి, వస్తువులు అట్టపెట్టెల్లో నేరుగా ఇళ్ళలోకి వస్తాయి, ఎంతకు పడ్డదని ఎవరూ అడగరు. మా ఫ్లాటులో ఇద్దరికి రెండు స్నానాల గదులు, రెండింటికీ గట్టి గడియలు.

అప్పుడప్పుడు నేను మా ఆవిడను ఆటపట్టించడానికి అమ్మలాగా తలుపు మీద కొట్టి "అయ్యిందానే?" అంటాను. ఇంకింత సేపు ఆగుండ్రి అంటుందేమోనని చూస్తాను. అనదు. తల మీద నీళ్ళు కారుతుండగానే తలుపు కొద్దిగా తీసి, "ఎవరన్న వచ్చిన్రా?" అని అడుగుతుంది.