మామగారి ఏడుగంటల భోజనం

మొన్న ఆదివారం మా మామగారి గుండె కాపాడబోయి ఏం చేశానో వినండి! ముందే చెబుతున్నా, చివరికి గెలిచింది నేనే.

పోయినేడు ఆయనకి చిన్న స్ట్రోక్ వచ్చింది. మూతి కాస్త వంకర పోయింది. టైముకి ఆసుపత్రికి చేర్చాం కాబట్టి బయటపడ్డారు. డాక్టరు మందులతో పాటు ఓ మాట చెప్పారు. "పొద్దున టిఫిన్ మానొద్దు, రాత్రి భోజనం పెందలాడే కానివ్వండి. గుండెకీ, మెదడుకీ మంచిది." అంతే, ఆ డ్యూటీ నేను తీసుకున్నా! ఏడు దాటితే కంచం ముట్టకూడదని కంచరపాలెంలో మా అత్తవారింటికి ఆర్డర్ వేశా. చెప్పేవాడు చేసి చూపించాలిగా! నేను పనిచేసే ప్లాంట్‌లో సాయంత్రం షిఫ్టు లేకపోతే నేనూ ఏడులోపే తినేస్తా.

ఆ రోజు పొద్దున్నే మా ఆవిడ పుట్టింటికి వెళ్లింది. తీసుకురావడానికి సాయంత్రం నేను దువ్వాడలో మా ఇంట్లో భోంచేసి మరీ బయల్దేరా. వెళ్లేసరికి ఏడు దాటింది, మామగారు హాల్లో కూర్చుని ఉన్నారు. తినేసి ఉంటార్లే అనుకుని మొదలెట్టా. లేటుగా తింటే షుగర్ ఎలా పెరుగుతుంది, బీపీ ఎందుకు దిగదు, అన్నీ! ఆయన కదలకుండా వింటున్నారు. అత్తగారు కర్టెన్ పక్కనుంచి మాటిమాటికీ తొంగి చూస్తున్నారు. ఆహా, ఆవిడకీ ఎంత ఇంట్రెస్టో! వెనకాల మా ఆవిడ వేళ్లు నోటి దగ్గర పెట్టి ఏదో సైగ చేస్తోంది. ఇంకా చెప్పమంటోంది కాబోలని గొంతు పెంచా.

ఎనిమిది దాటాక అత్తగారే బయటికొచ్చారు.

"బాబూ, ఏటనుకోకండి. తమరు లేత్తే వడ్డించీత్తాను. మీ కోసరమే వంజరం సేప పులుసెట్టాను."

"నేను తినేసే వచ్చానండీ. మావయ్యగారు తిన్నారుగా?"

"అల్లుడుగారు తినకుండా నాను తింటానేటి?" అన్నారు మామగారు నీరసంగా. "ఆకలికి కళ్లు తిరుగుతన్నాయి గానీ, తమరు సెప్తంటే మద్దిలో లెగిస్తే బాగోదని..."

మా ఆవిడ అందుకుంది. "లేటుగా తినకూడదని సెప్పీ సెప్పీ నాన్నకి లేటు సేసీసారు!"

గబగబా పీట మీద కూర్చున్నా. నేను ముద్ద నోట్లో పెట్టాకే ఆయన పెట్టారు. అత్తగారు "రెండు మెతుకులే బాబూ" అంటూ కొండంత వడ్డించారు. ఆ రాత్రి ఆయన హాయిగా నిద్రపోయారట. నేను మాత్రం వాము నములుతూ కూర్చున్నా.

అయితేనేం! ఆ మర్నాటి నుంచీ ఆయన భోజనం ఏడు దాటలేదు. అల్లుడి కంటే ముందు మామ ముద్ద ముట్టే ఇల్లు మా వైపు ఇంకోటి చూపించండి, చూద్దాం! ఆ ఘనత నాదే. నేను బయల్దేరానని ఫోన్ వస్తే చాలట, మామగారు వంటింట్లోకి కేకేస్తున్నారు.

"బేగి వడ్డించీయే! అల్లుడొచ్చాడంటే మరి తిన్నివ్వడు!"