లక్షా మూడు

లక్షా మూడు ఏ సంఖ్యకూ లొంగదు. ఒకటితోనూ, తనతోనూ తప్ప దేనితో భాగించినా ఎంతో కొంత శేషం మిగులుతుంది. ఈ సంగతి కనుక్కున్నందుకు నాకు ఇప్పటికీ మనసు పీకుతూనే ఉంటుంది.

చింతామణిలో నేను మిడిల్ స్కూలు చదివే రోజుల్లో అక్కా నేనూ పలక ముందేసుకుని దాని అంతు చూడాలని కూర్చునేవాళ్లం. ఎక్కాలు బడిలో కన్నడ మగ్గీలుగా బట్టీపట్టినవి కాబట్టి అవి కన్నడంలో, పోట్లాట మాత్రం తెలుగులో. ఏడుతో భాగిస్తే ఒకటి మిగిలింది, పదకొండుతో రెండు, పదమూడుతో ఏడు. "మొండిఘటం" అనేది అక్క దాన్ని. తొంభై ఏడు దాకా వచ్చేసరికి ఆమెకు బాగేపల్లి సంబంధం కుదిరింది.

ఆ ఇంట్లో ఏ ఉత్తరం వచ్చినా మామగారు పైకి చదివి అందరికీ వినిపించాలి. కోడలు రాసింది కూడా ఆయన చూశాకే పోస్టు డబ్బాలో పడాలి. చెడ్డవాడేం కాదు, ఇంటి పద్ధతి అది. ఇంక అక్క ఇల్లు గుర్తొస్తోందని ఎట్లా రాస్తుంది? "చెల్లికి లెక్కలు నేర్పిస్తాండాను మామా" అని చెప్పి కార్డు నిండా భాగహారాలు చేసి పంపేది. అంకెల్ని ఆయన ఎవరికీ చదివి వినిపించలేదు. అవి తీరుగా ఉంటే తీరిక దొరికిందనీ, ఒకదానిమీదొకటి పడితే పనిలో నలిగిపోయిందనీ నేను పోల్చుకునేదాన్ని. సిగ్గులేకుండా చెబుతున్నాను, ఆ కార్డుల్ని దిండు కింద పెట్టుకుని పడుకునేదాన్ని. అక్క లేని ఇల్లు నాకు ఇల్లులా ఉండేది కాదు.

అట్లా కొన్ని సంఖ్యలు ఆమె, కొన్ని నేను పంచుకుని నాలుగువందల తొమ్మిది దాకా పోయాం. ఒకరోజు బడిలో లెక్కల మేష్ట్రు నా పలక చూసి నవ్వారు.

"యాడిదాకా పోతావమ్మా? మూడువందల పదహారు దాటితే అక్కర్లే. దాన్ని దాంతోనే గుణిస్తే లక్షకు దగ్గరపడుతుంది. అంతకన్నా పెద్దది దీన్ని భాగించాలంటే, వచ్చే భాగఫలం మూడువందల పదహారుకు లోపలే ఉండాల. ఆ చిన్నవన్నీ చూసేస్తివి కదా."

నాకు కాళ్లు నేలమీద ఆగలేదు. ఆ సాయంత్రమే కార్డు రాసేశాను: అక్కా, లెక్క ముగిసింది, ఇంక భాగించాల్సిన పనే లేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

జవాబు రాలేదు. నెలయినా రాలేదు. పోస్టాయన వీధి మలుపు తిరిగితే చాలు, గుమ్మంలో నిలబడేదాన్ని. ఆయన చెయ్యి అడ్డంగా ఊపి వెళ్లిపోయేవాడు.

ఉగాదికి అక్క ఒక్కపూట వచ్చింది. నాకు జడ వేస్తూ విషయం చెప్పింది. నా కార్డును మామగారు అందరి ముందూ చదివి, "లెక్క ముగిసెనంట కదమ్మా, ఇంక కార్డులెందుకు?" అన్నారట, మామూలుగానే.

"మేష్ట్రు చెప్పిండేది నీకు కూడా తెలియాలని రాస్తినక్కా" అన్నాను, ఏడుపు ఆపుకుంటూ.

"నాకు పెండ్లికి ముందునుంచే తెలుసులే."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

అక్క దువ్వెన ఆపింది.

"చెప్పింటే, నాకు ఏం రాస్తాంటివే?"

జడ కొసకు రిబ్బను ముడేసి, మధ్యాహ్నం బస్సుకే ఆమె బాగేపల్లి వెళ్లిపోయింది.