రెండు అంతస్తులకూ వినబడిన కేక

మైదుకూరులో మా మేనమామ ఫంక్షన్ హాలు పరువును ఒక్క పూటలో గంగలో ఎలా కలిపానో చెబుతాను. తింటూ చదివేవాళ్ళు ముందు నోట్లో ముద్ద మింగేయండి.

మామ హాలుకు రెండు అంతస్తులు, రెండింటా పెద్ద తెరలు. నేను అప్పుడే ఇంజనీరింగ్ ముగించి ఎగిరెగిరి పడుతున్న రోజులవి. హాలు ముందున్న ఖాళీ గదిలో కంప్యూటర్ షాపు పెట్టాలని నా ఆశ. "తెరలు బాగా నడిపిచ్చు పాపా, గది నీదే," అన్నాడు మామ.

"రెండు కంప్యూటర్లెందుకు మామా? ఒకదాంట్లోనే రెండు కంటైనర్లు పెడతా. రెండు గదులనుకో. దీంట్లో జరిగేది దానికి తెలీదు."

"నిజంగానా?"

"గోడ కట్టినట్టే!"

గోడ కట్టాను, చెవులు మూయడం మరిచాను. కంప్యూటర్ లోపల కెర్నల్ అని ఒక పెద్దమనిషి ఉంటాడు. ఏ వస్తువు తగిలించినా "వచ్చింది, వచ్చింది" అని కేకేస్తాడు. ఆ కేక ఎవరి గదికి వాళ్ళకే వినబడేలా కట్టడి చేయాలి. నేను చేయలేదు సరికదా, కేక వినగానే వచ్చినదాన్ని తెర మీద వేసేయమని రెండు గదులకూ చెప్పి పెట్టాను. ఎంత తెలివో చూడండి!

ఆ రోజు కింద రిసెప్షన్, పైన నిశ్చితార్థం. కింది పెళ్ళికొడుకు ఫొటోలున్న పెన్‌డ్రైవ్ గుచ్చాను. పై తెర మీద కూడా అతనే ప్రత్యక్షం, ఒత్తైన జుట్టుతో. పైన కూర్చున్న అసలు వరుడికేమో బట్టతల.

"ఏమప్పా, ఫొటోలో ఇంత జుట్టు ఉండాది, ఈడ చూస్తే ల్యాదే! యాడ పోగొట్టుకున్న్యావు?" అని ఒక అవ్వ అడిగేసింది.

మామ పరిగెత్తుకొచ్చాడు. "ఏం చేస్తాండావు పాపా? పైనోళ్ళు లేచి పోతాండారు!"

"ఒక్క నిమిషం మామా!"

పైవాళ్ళ ఫొటోలు నా ఫోన్లో ఉన్నాయి. పెన్‌డ్రైవ్ పీకేసి ఫోను తగిలించాను. కెర్నల్ మళ్ళీ కేకేశాడు. రెండు తెరల మీదా ఈసారి నేనే! లుంగీ ఎగగట్టి, కాటుకతో మీసం దిద్దుకుని, స్నేహితురాళ్ళను నవ్వించడానికి మామను అనుకరించిన వీడియో అది, ఫోన్లో ఆ ఫొటోలకంటే ముందున్నది.

"ముక్కలు అడుగునే ఉండనీండప్పా! గరిటె పైపైనే తిప్పండి. పులుసు శానా పోయండి!"

ఆ పూట పొట్టేలు కూర వడ్డిస్తున్నది మామ మనుషులే. జనమంతా ఒక్కసారి తమ విస్తళ్ళలోకి చూసుకున్నారు. "ఓ రెడ్డీ, అడుక్కు దించప్పా గరిటె!" అని పైనా కిందా మామ మీద ఒకటే అరుపులు.

మామ నన్ను తిట్టలేదు. గరిటె నా చేతిలో పెట్టి, "పో, నువ్వే వడ్డించు," అన్నాడు. సిగ్గుతో చచ్చిపోతూ రెండు అంతస్తులూ తిరిగి, అడుగు నుంచి తోడి తోడి వేశాను. బట్టతల వరుడు రెండోసారి అడిగి వేయించుకున్నాడు. సంబంధం నిలిచింది. ఆఖరున మామ వచ్చి కూర్చున్నాడు.

"ముక్కలేవి పాపా?"

గిన్నె అడుగు గీకి చూపించాను. "పులుసు శానా ఉండాది మామా!"

నాకిస్తానన్న గదిలో ఇప్పుడు ఎవరిదో గాజుల కొట్టు నడుస్తోంది. అందుకే సమస్త పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఎవరి కేక వాళ్ళకే వినబడుతుందని తేల్చుకోనిదే గోడ కట్టానని ఎవరితోనూ అనను. మామను కూడా ఇక జన్మలో అనుకరించను, ఎవరైనా వీడియో తీస్తున్నంతసేపు.