ఈకల సాక్ష్యం

“ఆయుధాలున్నాయన్న సమాచారం తప్పే, యుద్ధం మాత్రం సరైనదే” అని టీవీలో ఓ దేశపు నాయకుడు చెబుతుంటే, కందికాయలు ఒలుస్తున్న అమ్మ పకపకా నవ్వింది.

ఆమెకు గుర్తొచ్చింది మా కోడి. అప్పట్లో కొన్నాళ్లు అది కనబడలేదు. పక్కింటి మురుగు మోరీలో ఈకలు చూసి, బీదర్‌లో మా గల్లీ అంతా వినేలా అమ్మ ఆ ఇంటామెను దొంగను చేసింది. తీరా చూస్తే కోడి మా కట్టెల చాటునుంచే పిల్లలతో బయటికొచ్చింది.

తగవు తీర్చుకోకుండా మా చర్చిలో ప్రభువు బల్ల దగ్గర పంచే రొట్టె ముట్టుకోరు. ఆదివారం ఆరాధనకు ముందే, అదే గల్లీలో, అంతే గొంతుతో అమ్మ అరిచింది: “మాఫ్ చెయ్యక్కా, ఈకలు జూసి నోరు పారేసుకున్న!”

ఇప్పుడు టీవీ కట్టేస్తూ అంది: “ఈకలదే తప్పు, నా తిట్లు మంచియే అనొచ్చని అప్పుడు నాకు తోచనే లేదు గదరా!”